2147483647 ప్రధాన సంఖ్య అని చేతి లెక్కతో ఎలా తేల్చగలిగారు?

సంఖ్యాభిలాషి అడిగిన ప్రశ్న:

రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు అనే ఈ సంఖ్య ప్రోగ్రామింగ్ నేర్చుకున్న ప్రతివారికీ ఎక్కడో ఒకచోట ఎదురై ఉంటుంది. ధన, ఋణ గుర్తుతో సహా 32 బిట్లలో నిల్వ చేయగల పూర్ణసంఖ్యలలో ఇదే అతి పెద్దది. ఇది 2³¹−1కు సమానమనీ, ఇది ప్రధాన సంఖ్య అనీ, ఆ విషయాన్ని గణితవేత్త ఆయిలర్ 1772లోనే నిరూపించాడనీ చదివాను. నా సందేహం అక్కడే మొదలైంది. ఈ సంఖ్యకు వర్గమూలం 46340 దాటి, 46341కి కొద్దిగా తక్కువగా ఉంటుంది. 46340 లోపు ప్రధాన సంఖ్యలు నాలుగు వేల ఏడు వందలకు పైగా ఉన్నాయి. పది అంకెల సంఖ్యను వాటిలో ఒక్కొక్కదానితో భాగించి చూడడం, అదీ కంటిచూపు దాదాపుగా పోయిన వయసులో, ఒక మనిషికి ఎలా సాధ్యమైంది?

2 యొక్క ఏ ఘాతం నుండి 1 తీసివేసినా ప్రధాన సంఖ్య వస్తుందని నేను అనుకోవడం లేదు. 2¹¹−1 అంటే 2047, అది 23×89. ఘాతాంకం ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన సరిపోదని దీనివల్లనే తెలుస్తున్నది. అటువంటప్పుడు 31 దగ్గర ఇది కుదిరిందని నమ్మకంగా చెప్పడానికి ఆధారమేమిటి? కంప్యూటర్ హద్దు కావడమూ, ప్రధాన సంఖ్య కావడమూ ఒకే సంఖ్యలో కలిసి రావడానికి కారణమేమైనా ఉన్నదా? దీనికున్న ఇతర గణిత లక్షణాలను కూడా తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

గసాభా ఇచ్చిన జవాబు:

నాలుగు వేల ఏడు వందల భాగహారాలు ఎవరూ చేయలేదు, చేయవలసిన అవసరమూ లేదు. 2³¹−1ను భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే అది ఎలా ఉండి తీరాలో ముందుగానే చెప్పవచ్చు. ఆ షరతులకు లోబడని సంఖ్యలన్నింటినీ భాగహారం లేకుండానే పక్కన పెట్టవచ్చు.

భాగించే ప్రధాన సంఖ్యను 'ప' అనుకుందాము. 2³¹−1ను 'ప' నిశ్శేషంగా భాగిస్తున్నదంటే, 2³¹ను 'ప'తో భాగిస్తే 1 మిగులుతుందని అర్థం. 'ప' బేసి సంఖ్య కాబట్టి ఫెర్మా లఘు సిద్ధాంతం ప్రకారం 2 యొక్క (ప−1)వ ఘాతాన్ని 'ప'తో భాగించినా 1 మిగులుతుంది. రెండు ఘాతాంకాలకూ శేషం 1 వచ్చినప్పుడు, ఆ రెండు ఘాతాంకాల గ.సా.భా.ను ఘాతాంకంగా తీసుకున్నా శేషం 1 రావాలి. 31 ప్రధాన సంఖ్య కాబట్టి 31కీ, ప−1కీ గ.సా.భా. 1 కావాలి, లేదా 31 కావాలి. అది 1 అయితే, 2ను 'ప'తో భాగించినప్పుడు 1 మిగలాలి, అంటే 'ప' అనేది 1ని భాగించాలి, అది అసాధ్యం. కనుక గ.సా.భా. 31 అవుతుంది, ప−1 తప్పనిసరిగా 31 యొక్క గుణిజం, పైగా సరి సంఖ్య కాబట్టి 62 యొక్క గుణిజం. 63, 125, 187 అంటూ 62 చొప్పున పెరిగే వరుసలో లేని ప్రధాన సంఖ్య ఏదీ మన సంఖ్యను భాగించలేదు. 3, 7, 11, 13 వంటి వాటితో ప్రయత్నించి చూడవలసిన పని ఈ ఒక్క వాదనతో తప్పిపోయింది.

రెండో జల్లెడ ఇంకా అందమైనది. 2³¹ శేషం 1 అయితే 2³² శేషం 2 అవుతుంది. కాని 2³² అనేది 2¹⁶ యొక్క వర్గం. అంటే 'ప'తో భాగించినప్పుడు 2 శేషంగా వచ్చే వర్గసంఖ్య ఒకటి ఉన్నదన్నమాట. ఈ గుణం అన్ని ప్రధాన సంఖ్యలకూ ఉండదు. 7కు ఉన్నది, ఎందుకంటే 9ని 7తో భాగిస్తే 2 మిగులుతుంది; 17కు ఉన్నది, 36ను 17తో భాగిస్తే 2 మిగులుతుంది; 3, 5, 11, 13లకు ఎంత వెతికినా అటువంటి వర్గం దొరకదు. బేసి ప్రధాన సంఖ్యలలో 8తో భాగించినప్పుడు 1 గాని 7 గాని మిగిల్చేవాటికి మాత్రమే ఈ గుణం ఉంటుంది. దీనిని మొదటి షరతుతో కలిపితే, 'ప'ను 248తో భాగించినప్పుడు శేషం 1 కావాలి, లేదా 63 కావాలి. 248 అంటే 31×8.

ఇక లెక్కించి చూడండి. 46340 లోపు 248తో భాగిస్తే 1 మిగిలేవి, 1ని వదిలేస్తే, 186 ఉన్నాయి. 63 మిగిలేవి 187 ఉన్నాయి, వాటిలో 63 స్వయంగా సంయుక్త సంఖ్య కాబట్టి దానిని తీసివేస్తే ఇవీ 186. మొత్తం 372. వీటిలోనూ చాలావరకు సంయుక్త సంఖ్యలే. ప్రధాన సంఖ్యలను మాత్రమే ఏరుకుంటే సుమారు ఎనభై మిగులుతాయి. వాటిలో మొదటిది 311. 2147483647ను 311తో భాగిస్తే భాగఫలం 6905092, శేషం 35. తరువాతది ఏకంగా 1303. ఇలా 46340 వరకు వెళ్ళి ఎక్కడా శేషం సున్నా రాకపోతే పని ముగిసినట్లే. ఓపిక గల మనిషికి ఇది కొద్ది రోజుల పని. ఆయిలర్‌కు లేఖకుల సహాయం ఉండేది, మనసులో లెక్క చేసే శక్తి అసాధారణంగా ఉండేది. బెర్నూలీ అనే గణితవేత్తకు రాసిన లేఖలో ఆయన చెప్పింది ఈ రెండు శేషాల సంగతే.

సంఖ్యాభిలాషి:

కృతజ్ఞతలు, గసాభా గారూ. రెండో షరతు వల్ల పని సగానికి తగ్గుతుందని ఇప్పుడు స్పష్టంగా అర్థమైంది. కాని ఆయిలర్ కంటే ముందే కటాల్డి అనే ఇటలీ గణితవేత్త ఈ సంఖ్య ప్రధాన సంఖ్య అని చెప్పినట్లు ఒకచోట చూశాను. అదే నిజమైతే ఆ ఘనత ఆయిలర్‌ది ఎలా అవుతుంది? రెండోది, నేటి కంప్యూటర్లు కూడా ఇదే పద్ధతిలో భాగించి చూస్తాయా?

సుద్దముక్క ఇచ్చిన జవాబు:

కటాల్డి సంగతి కొంచెం వివరంగా చెప్పుకోదగినది. 1588 నాటికే ఆయన 2¹⁷−1, 2¹⁹−1 ప్రధాన సంఖ్యలని తేల్చాడు. 131071, 524287 అనే ఆ రెండు సంఖ్యల వర్గమూలాలు చిన్నవి కాబట్టి, వాటి లోపలి ప్రధాన సంఖ్యలన్నింటితో ఆయన భాగించి చూశాడు. అంతవరకు అది నిక్కమైన పని. ఆ తరువాత ఘాతాంకాలు 23, 29, 31, 37 అయినప్పుడు కూడా ప్రధాన సంఖ్యలే వస్తాయని ప్రకటించాడు. ఆ నాలుగింటిలో 31 ఒక్కటే నిలిచింది. నాలుగు రాళ్ళు విసిరితే ఒకటి తగిలినంత మాత్రాన దానిని నిరూపణ అనడానికి నాకు మనసొప్పదు.

మిగిలిన మూడూ ఎలా పడిపోయాయో చూస్తే గసాభా గారు చెప్పిన జల్లెడ బలం తెలుస్తుంది. ఘాతాంకం 23కు, భాగించే సంఖ్య 46 గుణిజానికి ఒకటి ఎక్కువగా ఉండాలి, 8తో భాగిస్తే 1 లేదా 7 మిగలాలి. ఈ షరతులకు నిలిచే మొదటి ప్రధాన సంఖ్య 47. అదే భాగిస్తుంది: 2²³−1 అంటే 47×178481. ఘాతాంకం 29కి 58 చొప్పున పెరిగే వరుసలో 59 ఉన్నది గాని దానిని 8తో భాగిస్తే 3 మిగులుతుంది కాబట్టి అది పనికిరాదు. 117, 175 సంయుక్త సంఖ్యలు. తరువాత వచ్చే 233 నిలుస్తుంది, అదే భాగిస్తుంది. ఘాతాంకం 37కు 75 సంయుక్త సంఖ్య, 149ని 8తో భాగిస్తే 5 మిగులుతుంది, ఆ తరువాతి 223 నిలుస్తుంది, అదే భాగిస్తుంది. మూడు సందర్భాలలోనూ అర్హత గల మొట్టమొదటి సంఖ్యే కారణాంకంగా తేలింది. మీరు ఉదహరించిన 2047కు కూడా ఇంతే, అక్కడ మొదటి అభ్యర్థి 23. ఈ నియమం కటాల్డికి తెలిసి ఉంటే ఒక పూట పనితో మూడింటినీ వదులుకునేవాడు. 47, 223 అనే కారణాంకాలను ఫెర్మా 1640లో పట్టుకున్నాడు, 233ను ఆయిలర్ చూపించాడు. 31 దగ్గర మాత్రం మొదటి అభ్యర్థి 311 మొదలుకొని చివరిదాకా ఒక్కటీ భాగించలేదు.

ఇదే ఆయిలర్ నలభై ఏళ్ళకు ముందు, 1732లో, ఇదే కోవకు చెందిన మరో సంఖ్యను విరగ్గొట్టాడు. 2³²+1, అంటే 4294967297, ప్రధాన సంఖ్య అని ఫెర్మా నమ్మాడు. అది 641×6700417 అని ఆయిలర్ చూపాడు. తరువాత ఆయనే నిరూపించిన నియమం ప్రకారం ఆ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య 64 గుణిజానికి ఒకటి ఎక్కువగా ఉండాలి. ఆ వరుసలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. కారణాంకం ఐదో ప్రయత్నంలోనే దొరుకుతుంది. ఒకచోట సంఖ్య ప్రధానం కాదని తేల్చడానికీ, మరోచోట ప్రధానమేనని తేల్చడానికీ ఒకే రకమైన ఆలోచన పనికివచ్చింది. రెండోదే కష్టమైనది, ఎందుకంటే అక్కడ మధ్యలో ఆగడానికి వీలు లేదు.

మీ రెండో ప్రశ్నకు వస్తే, నేడు ఇటువంటి సంఖ్యలను భాగించి చూసి ప్రధానమని తేల్చరు. చిన్న కారణాంకాలుంటే ముందుగానే ఏరివేయడానికి మాత్రమే కొంత భాగహారం చేస్తారు. లూకా 19వ శతాబ్దంలో కనిపెట్టి, లేమర్ తరువాత సరిదిద్దిన పరీక్ష ఉన్నది. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ ఉన్న సంఖ్యను వర్గం చేసి 2 తీసివేసి, వచ్చినదానిని పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషాన్ని మాత్రమే ఉంచుకోవాలి. ఘాతాంకం కంటే రెండు తక్కువ సార్లు ఇలా చేసిన తరువాత శేషం సున్నా అయితే అది ప్రధాన సంఖ్య, కాకపోతే కాదు. చిన్న ఉదాహరణగా 31ని, అంటే 2⁵−1ను తీసుకోండి. 4 తరువాత 14 వస్తుంది. 14 వర్గం నుండి 2 తీసివేస్తే 194, దానిని 31తో భాగిస్తే 8. 8 వర్గం నుండి 2 తీసివేస్తే 62, శేషం సున్నా. మూడు మెట్లలో తేలింది. మన పది అంకెల సంఖ్యకు ఇరవై తొమ్మిది మెట్లు చాలు.

బిట్లపేట ఇచ్చిన జవాబు:

కంప్యూటర్ హద్దు, ప్రధాన సంఖ్య రెండూ ఒకటే కావడం గురించి అడిగారు కాబట్టి నా అభిప్రాయం చెబుతాను. దానికి కారణమంటూ ఏమీ లేదు, అది కేవలం కలిసివచ్చిన సంగతి. బిట్ల సంఖ్యను 8, 16, 32, 64, 128 అని రెట్టింపు చేస్తూ పోయి, గుర్తు కోసం ఒక బిట్టును పక్కన పెడితే గరిష్ఠ సంఖ్యల ఘాతాంకాలు 7, 15, 31, 63, 127 అవుతాయి. 2⁷−1 అంటే 127 ప్రధాన సంఖ్య. 2¹⁵−1 అంటే 32767, అది 7×31×151. 2³¹−1 ప్రధాన సంఖ్య. 2⁶³−1ను 7 రెండుసార్లు భాగిస్తుంది. 2¹²⁷−1 మళ్ళీ ప్రధాన సంఖ్య. ఘాతాంకం సంయుక్త సంఖ్య అయితే ఫలితమూ సంయుక్త సంఖ్యే అవుతుంది; 15, 63 సంయుక్త సంఖ్యలు కావడం వల్ల అక్కడ ఆశ మొదటే లేదు. ఒకటి విడిచి ఒకటి వస్తున్నట్లు కనిపించే ఈ క్రమాన్ని చూసి నియమమని భ్రమపడకూడదు. తరువాతి ఘాతాంకం 255, అది 3×5×17, అక్కడా ప్రధాన సంఖ్య రాదు, ఆ తరువాతి 511 కూడా 7×73. 2038 జనవరి 19న కొన్ని పాత వ్యవస్థలలో సెకన్లను లెక్కించే గడియారం ఈ హద్దును దాటి ఋణ సంఖ్యలోకి పడిపోతుందన్న విషయానికీ, ఇది ప్రధాన సంఖ్య కావడానికీ ఏ సంబంధమూ లేదు.

అయితే ఇది ప్రధాన సంఖ్య కావడం నిజంగా అక్కరకు వచ్చిన చోటు ఒకటి ఉన్నది. యాదృచ్ఛిక సంఖ్యలను పుట్టించడానికి 1960లలోనే ప్రతిపాదించి, 1988లో పార్క్, మిల్లర్ కనీస ప్రమాణంగా సిఫారసు చేసిన పద్ధతి ఇది: చేతిలో ఉన్న సంఖ్యను 16807తో గుణించి, 2147483647తో భాగించి, శేషాన్ని తరువాతి సంఖ్యగా తీసుకోవాలి. 16807 అంటే 7⁵. భాజకం ప్రధాన సంఖ్య కాబట్టి సున్నా కాని సంఖ్యతో మొదలుపెడితే ఎన్నటికీ సున్నా రాదు. 7 ఘాతాల శేషాలు 1 నుండి 2147483646 వరకు ఉన్న ప్రతి సంఖ్యనూ ఒక్కొక్కసారి తాకిన తరువాతే మొదటికి వస్తాయి. 7కు ఈ గుణం ఉన్నప్పుడు 7⁵కు కూడా ఉండాలంటే, 5కూ 2147483646కూ ఉమ్మడి కారణాంకం ఉండకూడదు. 2147483646 అంటే 2×3²×7×11×31×151×331. అందులో 5 లేదు. గుణకంగా 2ను తీసుకుంటే మాత్రం ఆట ముప్పై ఒక్క మెట్లలోనే ముగుస్తుంది, ఎందుకంటే 2³¹ శేషం 1.

1తో మొదలుపెడితే వరుసగా 16807, 282475249, 1622650073 వస్తాయి. ఎవరైనా స్వయంగా రాసుకున్న ప్రోగ్రామును సరిచూసుకోవాలంటే, పదివేలవ మెట్టు తరువాత 1043618065 రావాలి. సి ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రమాణంలో నేటికీ ఈ పద్ధతి ఉన్నది.

ఇక్కడ భాగహారం కూడా నిజమైన భాగహారం కానవసరం లేదు. 9తో భాగిస్తే వచ్చే శేషం కోసం అంకెలు కూడుకున్నట్లే, 2147483647తో భాగిస్తే వచ్చే శేషం కోసం సంఖ్యను 31 బిట్ల ముక్కలుగా కోసి కూడుకుంటే చాలు. 2³¹ శేషం 1 కావడమే దానికి మూలం. ఉదాహరణకు 282475249×16807 అంటే 4747561509943. దీనిలో 2³¹ 2210 సార్లు ఉంటుంది, మిగిలేది 1622647863. రెండింటినీ కూడితే 1622650073, అదే పైన చెప్పిన తరువాతి సంఖ్య.

గసాభా:

ఇతర లక్షణాలు కూడా అడిగారు. బైనరీలో ముప్పై ఒకటి 1లు వరుసగా ఉంటాయని అందరికీ తెలిసినదే. అంతగా చెప్పుకోని లక్షణం ఒకటి ఉన్నది. ఈ సంఖ్యను 4తో భాగిస్తే 3 మిగులుతుంది కాబట్టి దీనిని రెండు వర్గాల మొత్తంగా రాయలేము. 8తో భాగిస్తే 7 మిగులుతుంది కాబట్టి మూడు వర్గాల మొత్తంగా కూడా రాయలేము. నాలుగు వర్గాలైతే ఏ ధన పూర్ణసంఖ్యకైనా సరిపోతాయని లగ్రాంజ్ 1770లో నిరూపించాడు. మన సంఖ్యకు ఆ నాలుగూ కావాలి, ఒక్కటీ తగ్గించలేము.

పరిపూర్ణ సంఖ్యల సంగతి మరొకటి. 6, 28, 496 వంటి వాటిలో, సంఖ్యను మినహాయించి మిగిలిన భాజకాలన్నింటినీ కూడితే ఆ సంఖ్యే వస్తుంది. 2³¹−1 ప్రధానమని తేలడంతో 2³⁰×2147483647, అంటే 2305843008139952128, ఎనిమిదో పరిపూర్ణ సంఖ్యగా నిలిచింది. ఇటువంటివి వింతే తప్ప ప్రయోజనం లేనివి కాబట్టి ఇంతకంటే పెద్దదానిని వెతకడానికి ఎవరూ పూనుకోరని, ఇదే ఎప్పటికీ అతి పెద్దదిగా ఉండిపోతుందని ఇంగ్లండుకు చెందిన పీటర్ బార్లో 1811లో రాశాడు. మనుషుల కుతూహలాన్ని అంత తక్కువగా అంచనా వేయడం ఒక గణితవేత్తకు తగదేమో! 2024లో దొరికిన 2 యొక్క 136279841వ ఘాతం మైనస్ 1 అనే ప్రధాన సంఖ్యకే నాలుగు కోట్లకు పైగా అంకెలున్నాయి, దానికీ ఒక పరిపూర్ణ సంఖ్య జత ఉన్నది.

సంఖ్యాభిలాషి:

చివరిగా ఒక్క ప్రశ్న. 5 ప్రధాన సంఖ్య, 2⁵−1 అంటే 31 ప్రధాన సంఖ్య, 2³¹−1 ప్రధాన సంఖ్య. ఈ గొలుసును ఇంకొక మెట్టు ఎక్కించి, 2 యొక్క 2147483647వ ఘాతం నుండి 1 తీసివేస్తే ఏమవుతుంది?

సుద్దముక్క:

ఆ సంఖ్యకు 64 కోట్లకు పైగా అంకెలుంటాయి, పైన చెప్పిన పరీక్షను దాని మీద పూర్తిచేయడం చాలా భారమైన పని. కాని అంత దూరం వెళ్ళవలసిన అవసరం రాలేదు. దానిని భాగించే ప్రధాన సంఖ్య 2×2147483647, అంటే 4294967294 గుణిజానికి ఒకటి ఎక్కువగా ఉండాలి, 8తో భాగిస్తే 1 లేదా 7 మిగలాలి. గసాభా గారు 31కి చెప్పిన వాదనలో 31 స్థానంలో 2147483647ను ఉంచితే ఇదే వస్తుంది. అది ప్రధాన సంఖ్య కావడమే ఇక్కడ మనకు ఆధారం. ఆ వరుసలో వెతుకుతూ పోగా 295257526626031 దగ్గర శేషం సున్నా అయింది. అది 68745×4294967294 కంటే ఒకటి ఎక్కువ, 8తో భాగిస్తే 7 మిగులుతుంది. కాబట్టి మీ గొలుసు అక్కడ తెగిపోయింది.

మెర్సెన్ రూపంలోని, అంటే 2 యొక్క ఏదో ఒక ఘాతం నుండి 1 తీసివేస్తే వచ్చే, ప్రధాన సంఖ్యనే మళ్ళీ ఘాతాంకంగా పెట్టినప్పుడు 3, 7, 31, 127 అనే నాలుగు చోట్ల మాత్రమే ప్రధాన సంఖ్య వచ్చినట్లు ఇప్పటికి తెలుసు, మూడోది మన 2147483647. ఘాతాంకం 8191, 131071, 524287, 2147483647 అయినప్పుడు సంయుక్త సంఖ్యలే వచ్చాయి. ఆ తరువాత ఘాతాంకంగా 2⁶¹−1ను పెడితే వచ్చే సంఖ్యకు ఇప్పటివరకు ఒక్క కారణాంకమూ దొరకలేదు, అది ప్రధాన సంఖ్య అని చెప్పడానికి ఆధారమూ లేదు.